120 రూపాయల కోపం

విశాఖ జనానికి ఈ మధ్య కాలంలో నిజంగా కోపం తెప్పించిన పన్ను ఏదంటే చెత్త పన్నే. 2021లో వేశారు. మామూలు ఇంటికి నెలకు 120 రూపాయలు. వసూలుకు వచ్చిన కుర్రాళ్లు గుమ్మం ముందు నిలబడితే ఇంట్లోంచి ఒకటే అరుపులు. "ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ చెత్తకి కూడానా?" అని అపార్టుమెంట్ల వాళ్లు మీటింగులు పెట్టుకున్నారు. ప్రతిపక్షాలు రోడ్డెక్కాయి. 2024 ఎన్నికల ప్రచారంలో అదో అంశమైంది. ప్రభుత్వం మారింది, ఆ ఏడాది చివర్లో చెత్త పన్ను రద్దయింది.

ఇప్పుడు అదే ఇంటి కింద పార్కింగులో చూడండి. ఓ స్కూటీ, ఓ బైకు. రెండింటికీ కలిపి నెలకు ముప్ఫై లీటర్ల పెట్రోలు అనుకుందాం. 2025లో విశాఖలో లీటరు 108 రూపాయల చుట్టుపక్కల ఉంది. అందులో కేంద్ర ఎక్సైజు సుంకం ఆ ఏడాది ఏప్రిల్లో పెంచాక 21 రూపాయల 90 పైసలు. దాని మీద రాష్ట్రం 31 శాతం వ్యాటు, అది కాక లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు, ఇంకో రూపాయి రోడ్ల సెస్సు. కేంద్రం సుంకం కలిపాక వచ్చిన ధర మీద రాష్ట్రం శాతం లెక్క కడుతుంది కాబట్టి పన్ను మీద కూడా పన్ను పడుతుంది. అన్నీ కలిపితే లీటరుకు యాభై రూపాయలు దాటుతుంది. అంటే ముప్ఫై లీటర్లకు నెలకు 1500 రూపాయలు. ఆ ఇంటాయన బంకులో దీని గురించి గొడవ పడటం నేనెప్పుడూ చూడలేదు. మీటరు సున్నా నుంచి మొదలైందో లేదో చూసుకుంటాడు, అంతే.

120కి రోడ్డెక్కినవాళ్లం 1500కి నోరెత్తలేదు. తప్పు జనానిదని నేను అనను. చెత్త పన్ను గుమ్మంలోకి వచ్చి, పేరు చెప్పి అడిగింది. పెట్రోలు పన్ను ధరలో కలిసిపోయి వచ్చింది. ఈ తేడా మనకంటే ప్రభుత్వాలకు బాగా తెలుసు. కనబడే పన్ను వేస్తే ఓట్లు పోతాయి, కనబడనిది వేస్తే డబ్బులు వస్తాయి. చెత్త పన్ను గొడవ నుంచి అన్ని పార్టీలూ నేర్చుకున్న పాఠం ఇదేనని నా అనుమానం. నా వరకు ఆ 120 రూపాయలే నిజాయితీ గల పన్ను. దేనికి తీసుకుంటున్నారో తెలుసు, ఎంతో తెలుసు. బండి రాకపోతే అడగడానికి ఒక ఆధారం ఉంది. పన్ను పోయినంత మాత్రాన చెత్త బండి డీజిలు లేకుండా కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు పోదుగా. ఆ ఖర్చు ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఎక్కడి నుంచో మనకు కనబడదు.

రిఫైనరీ ఉన్న ఊరు మనది. మల్కాపురం వైపు వెళ్తే 1950ల్లో కాల్టెక్స్ కట్టిన ప్లాంటు ఇప్పుడు హెచ్‌పీసీఎల్ పేరుతో, ఏటా కోటిన్నర టన్నుల సామర్థ్యానికి పెరిగి కనిపిస్తుంది. పొగా వాసనా మనకి, చవక పెట్రోలు మాత్రం పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం వాళ్లకి! ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టినా ధర తగ్గుతుంది. ఆ దారిలో తిరిగే లారీ డ్రైవర్లు సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకుంటారు. పన్ను రేటు ఎక్కువైతే వ్యాపారం పక్క రాష్ట్రానికి పోతుందని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో 2024లో ప్రభుత్వం మారినా ఈ 31 శాతం, ఈ నాలుగు రూపాయలు, ఈ రూపాయి సెస్సు మారలేదు.

ఇదే కథ డీజిలు విషయంలో ఫిషింగ్ హార్బరులో ఇంకా బాగా అర్థమవుతుంది. మరబోటు ఒకసారి వేటకు వెళ్లి రావాలంటే వేల లీటర్ల డీజిలు కావాలి. ఐసు, బియ్యం, కలాసీల వాటా అన్నీ ఒక ఎత్తు, డీజిలొక్కటే ఒక ఎత్తు. డీజిలు మీద రాష్ట్రం 22.25 శాతం వ్యాటు, మళ్లీ ఆ నాలుగు, ఆ ఒకటి. రాష్ట్రానికి వెళ్లేదే లీటరుకు 20 రూపాయల పైన. కేంద్రానిది వేరే. ఇంత తీసుకున్నాక మత్స్యకారుల సంక్షేమం పేరుతో రాష్ట్రం లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. దానికి బోటు రిజిస్ట్రేషను, లైసెన్సు, నెలకు ఇన్ని లీటర్లని పరిమితి, ఫలానా బంకులోనే కొట్టించాలన్న నిబంధన, ఇవన్నీ చూడటానికి ఒక శాఖ. ఇచ్చే తొమ్మిది తీసుకునే ఇరవైలో సగం కూడా కాదు. ఆ ఇరవైలో తొమ్మిది తగ్గిస్తే కాగితాలూ అక్కర్లేదు, శాఖా అక్కర్లేదు. కానీ పన్ను తగ్గిస్తే ఫోటో ఉండదు. సబ్సిడీ ఇస్తే బ్యానరు ఉంటుంది. నాకు తెలిసిన ఒక బోటు యజమాని ఈ మాట నాకన్నా బాగా చెప్పాడు. "మన డబ్బులే మనకిచ్చి మనచేతే దండేయించుకుంటన్నారు బాబూ."

నేను డాబాగార్డెన్స్‌లో కూర్చుని చిన్నాచితకా షాపుల లెక్కలు రాస్తాను, రిటర్నులు వేస్తాను. కాబట్టి జీఎస్టీ గురించి మాట్లాడకుండా ఉండలేను. ముందుగా దాని మంచి చెప్పాలి. 2017 జులై 1న వచ్చినప్పటి నుంచి కనీసం బిల్లు మీద పన్ను ఎంతో అచ్చు పడుతోంది. చెక్‌పోస్టుల దగ్గర లారీలు రోజుల తరబడి ఆగడం తగ్గింది. ఇంతవరకు బాగుంది. కానీ రేట్లు చూడండి. సిమెంటు మీద ఎనిమిదేళ్లు 28 శాతం వేశారు. ఇల్లు కట్టుకోవడం ఈ దేశంలో విలాసం అన్నట్టు. జబ్బు పడితే ఆదుకోవాల్సిన ఆరోగ్య బీమా మీద 18 శాతం. 2024 డిసెంబరులో జైసల్మేరులో జీఎస్టీ కౌన్సిలు కూర్చుని ఉప్పు పాప్‌కార్న్ విడిగా అమ్మితే 5, ప్యాకెట్టు కట్టి పేరు వేస్తే 12, పంచదార పాకం పడితే 18 అని వివరణ ఇచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5, 18 రెండే ప్రధాన రేట్లు అన్నారు, కొన్నింటికి 40. సిమెంటు 18కి దిగింది, వ్యక్తిగత బీమాకి సున్నా అయింది. దాన్ని పండగలా జరుపుకోమన్నారు. సరే, జరుపుకుందాం. ఆ ఎనిమిదేళ్లు కట్టినవాళ్ల సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

రేట్ల కంటే నాకు మంట తెప్పించేది ఇంకోటుంది. నెలలో 20వ తారీఖు దగ్గర పడుతుంటే నా టేబులు దగ్గర టెన్షన్ మొదలవుతుంది. గాజువాకలో హార్డ్‌వేర్ షాపు నడిపే ఒకాయన నన్ను ఆడిటర్ గారూ అనే పిలుస్తాడు. నేను ఆడిటర్ని కానని చెప్పినా వినడు. ఆయన ఓ హోల్‌సేలు వ్యాపారి దగ్గర సరుకు తెచ్చాడు. పక్కా బిల్లు, డబ్బు బ్యాంకు ద్వారా, పన్నుతో సహా. ఆ హోల్‌సేలు వ్యాపారి మాత్రం తన రిటర్ను వేయలేదు. అందుకని ఈయనకి రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి దక్కాల్సిన మినహాయింపు, పోర్టల్లో 2బి అనే పట్టికలో కనబడలేదు. కనబడకపోతే లేనట్టే. ఒకసారి కట్టిన పన్ను ఇంకోసారి జేబులోంచి కట్టాలి.

"ఆడిటర్ గారూ, ఆయన కట్టాడో లేదో నేనెలా చూడగలనండీ? పట్టుకోవడానికి గవర్నమెంటుకి అధికారులున్నారు, కంప్యూటర్లున్నాయి. నాకేం ఉంది? కచ్చా బిల్లు మీద తెచ్చుకునేవాడు హాయిగా ఉన్నాడు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒకరు ఎగ్గొడితే ఇంకొకరి దగ్గర వసూలు చేసే ఈ పద్ధతిని చట్టంలోనే రాసి పెట్టారు. అదే చట్టంలో వడ్డీ సంగతి కూడా ఉంది. మనం ఆలస్యంగా కడితే ఏటికి 18 శాతం. ప్రభుత్వం మనకు ఇవ్వాల్సిన రిఫండు ఆలస్యం చేస్తే మామూలుగా 6 శాతం. మూడో వంతు. ఏ వ్యాపారమైనా తన ఖాతాదారుతో ఇలాంటి ఒప్పందం రాయించుకుంటే వినియోగదారుల ఫోరం ఊరుకుంటుందా?

ఇంకా విచిత్రం, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకి ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ ఏడాది దాన్ని ఖర్చుగా ఒప్పుకునేది లేదని ఆదాయపు పన్ను చట్టం కొనుగోలుదారుకి చెబుతోంది. మంచి నిబంధనే. ఇక ప్రభుత్వ పని చేసిన చిన్న కాంట్రాక్టరుని అడగండి. స్కూలుకి రంగులేశాడు, కాలవ పూడిక తీశాడు, బిల్లు రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కించారు. అది అక్కడే ఉంటుంది. ఇన్‌వాయిస్ ఇచ్చాడు కాబట్టి జీఎస్టీ మాత్రం ఆగదు. రాని డబ్బు మీద పన్ను కట్టడానికి అతను అప్పు తెస్తాడు, ఆ వడ్డీని రేపటి టెండరులో కలుపుకుంటాడు. ప్రభుత్వం పనులకు ఎక్కువ ధర ఎందుకు కోట్ చేస్తారని ఆశ్చర్యపోయే అధికారులు ఈ లెక్క ఎప్పుడైనా వేశారా అనిపిస్తుంది.

ఇక బడ్జెట్. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2025-26కి 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. ఆ సాయంత్రం టీవీల్లో వచ్చిందల్లా ఏ శాఖకు ఎంత, ఏ పథకానికి ఎంత అన్నదే. పెళ్లి భోజనానికి వెళ్లినవాళ్లు విస్తట్లో వంటకాలు లెక్కపెట్టినట్టు కేటాయింపులు లెక్కపెడతాం. ఖర్చు ఎవరిదని అడగం. అదే బడ్జెట్‌లో రెవెన్యూ లోటు 33 వేల కోట్ల పైన, ద్రవ్య లోటు దాదాపు 80 వేల కోట్లు. రెవెన్యూ లోటు అంటే ప్రాజెక్టులు కట్టడానికి తెచ్చిన అప్పు కాదని గుర్తుంచుకోండి. జీతాలు, పింఛన్లు, పథకాలు, పాత అప్పుల మీద వడ్డీలు, ఇలా రోజువారీ ఖర్చుకు సొంత రాబడి చాలక తెచ్చే డబ్బు. కేంద్రం సంగతి వేరేం కాదు. అదే ఏడాదికి 50.65 లక్షల కోట్ల బడ్జెట్‌లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. నాలుగు రూపాయలు ఖర్చు పెడితే అందులో ఒకటి ఎప్పుడో తిన్నదానికి వడ్డీ. అప్పు కూడా పన్నే. తేదీ ముందుకు జరిపిన పన్ను, ఇంకా ఓటు హక్కు రాని పిల్లల మీద వేసిన పన్ను. అన్నిటికంటే కనబడని పన్ను ఇదే కాబట్టి అన్నిటికంటే తేలిగ్గా వేస్తారు.

ఇలా రాస్తే "నువ్వు పెట్టుబడిదారుల మనిషివి" అని అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. తెలుగు నేల మీద ఈ ఆలోచన ఎవరిదో మర్చిపోయాం. 1959లో రాజాజీ ప్రేరణతో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని తొలి అధ్యక్షుడు నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. మన శ్రీకాకుళం వైపు నుంచి అందులో నిలబడింది గౌతు లచ్చన్న. వీళ్లెవరూ మిల్లు యజమానులు కారు. నాగపూరు కాంగ్రెసులో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం వచ్చాక రైతు భూమి జోలికి ప్రభుత్వం రాకూడదని లేచినవాళ్లు. ఆ తర్వాతి కాలంలో దేశం ఎటు పోయిందో చూశాం. 1973-74 నాటికి పై శ్లాబులో ఆదాయపు పన్ను సర్‌చార్జితో కలిపి 97.75 శాతానికి చేరింది. ఆ శ్లాబులో ఇంకో వంద సంపాదిస్తే చేతికి మిగిలేది రెండున్నర కన్నా తక్కువ. దాంతో పేదరికం పోయిందా? నల్లడబ్బు పెరిగింది.

నల్లడబ్బు అంటే ఎక్కడో స్విట్జర్లాండు దాకా పోనక్కర్లేదు, మధురవాడలో స్థలం కొనబోయి చూడండి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం. బేరం ఒక ధరకి, కాగితం మీద ప్రభుత్వ పుస్తక విలువ. మధ్యలో మిగిలింది సంచిలో. నిజం రాస్తే లక్షలు నష్టం, అబద్ధం రాస్తే లాభం అన్న రేటు పెట్టి, తర్వాత జనంలో నిజాయితీ లేదంటే ఎలా?

పెట్టుబడిదారుల మనిషినన్న మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. 2025లో మన ఊరి కొండల మీద టీసీఎస్‌కి, కాగ్నిజెంట్‌కి ఇరవై ఎకరాల పైచిలుకు చొప్పున 99 పైసల నామమాత్రపు ధరకు స్థలం ఇచ్చారు. ఉద్యోగాలు వస్తాయన్నారు, రావచ్చు కూడా. ఉద్యోగాలు వద్దనేవాడిని కాదు. కానీ దాన్ని మార్కెట్ అనకండి. మార్కెట్‌లో రుషికొండ దగ్గర ఎకరం ధర ఎంతో ఈ ఊళ్లో ఆటో నడిపేవాళ్లకీ తెలుసు. ఆ ధరకీ 99 పైసలకీ మధ్య తేడా మొత్తం ప్రజలు పెట్టిన ఖర్చే. అది బడ్జెట్‌లో ఏ పద్దు కిందా రాదు. వేలం వేసి అసలు ధరకి అమ్మి, ఆ తర్వాత ఇన్ని కోట్లు ప్రోత్సాహకం ఇస్తున్నామని సభలో చెప్పి ఇవ్వండి. అప్పుడు నేను ఒప్పుకుంటానో లేదో వేరే సంగతి, కనీసం లెక్క తెలుస్తుంది. గాజువాక హార్డ్‌వేర్ షాపాయనకి ఎవరూ 99 పైసలకి గోడౌను ఇవ్వరు. ఆయన కరెంటు బిల్లులో యూనిట్‌కి ఆరు పైసలున్న విద్యుత్ సుంకం 2022లో రూపాయి అయింది.

ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఈ ఊళ్లో జాగ్రత్తగా మాట్లాడాలి. మాట్లాడకుండా తప్పించుకుంటే మాత్రం నా వాదన సగమే అవుతుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన పోరాటంలో 32 మంది ప్రాణాలిచ్చారు. భూములిచ్చిన నిర్వాసితుల్లో ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవాళ్లున్నారు. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం అమ్మేస్తామంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. ఈ నాలుగేళ్లలో ఏది నమ్మాలో కార్మికుడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు, అప్పిచ్చిన బ్యాంకుకీ తెలియదు. సొంత గనులు ఇవ్వకుండా ఫ్యాక్టరీ పెట్టిందీ ప్రభుత్వమే, నష్టాలొస్తున్నాయని అమ్మకానికి పెట్టిందీ ప్రభుత్వమే, ఇప్పుడు ఆదుకున్నామని సన్మానాలు చేయించుకుంటున్నదీ ప్రభుత్వమే. నా అభిప్రాయం దాచను. ఉక్కు చేయడం ప్రభుత్వం పని కాదు. కానీ అమ్మేటప్పుడు నిర్వాసితులకీ కార్మికులకీ అందులో వాటా ఉండాలి. స్థిరాస్తి వ్యాపారంలా చేస్తే అది దోపిడీయే. అప్పటిదాకా ఇలా వేల కోట్లు పోయాల్సి వస్తే ఏటా ఇంత అని పద్దు చూపించి పోయాలి.

పన్నులు లేకపోతే పేదవాళ్ల పథకాలు ఎలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ కనబడని పన్నులు కడుతున్నది ఎవరు? ఐటీ జీతగాళ్లలో ఓ మాట తరచూ వినిపిస్తుంది, "ట్యాక్స్ కట్టేది మేము, తినేది వాళ్లు" అని. శుద్ధ తప్పు. పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే ఆమె ఆదాయపు పన్ను కట్టకపోవచ్చు. ఆమె సరుకు తెచ్చిన ఆటోలో డీజిలు ఉంది, ఆమె కొన్న సబ్బు మీద జీఎస్టీ ఉంది, ఆమె మొగుడు తాగే క్వార్టరులో ఎక్సైజు ఉంది. 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను సున్నా అన్నాక ఈ భ్రమ ఇంకా పెరిగింది. పన్నే కట్టడం లేదనుకునే మనిషి లెక్క అడగడు.

మద్యం సంగతి ఎత్తాను కాబట్టి ఒక్కమాట. ఈ రాష్ట్రం మద్యంతో చేయని ప్రయోగం లేదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే పడిపోయింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. 2019 నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో 3,396 షాపులు మళ్లీ ప్రైవేటుకిచ్చారు. దరఖాస్తుకి రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. 90 వేల దాకా దరఖాస్తులు, ఒక్క దరఖాస్తు రుసుం మీదే 1800 కోట్ల దాకా రాబడి. సీసా ఒక్కటి అమ్మకముందే! నిషేధించే సర్కారైనా, నడిపే సర్కారైనా, లాటరీ తీసే సర్కారైనా ఖజానా ఈ డబ్బు లేకుండా నడవని స్థితికి వచ్చింది. తాగుబోతు ఎవరో ఆలోచించుకోవచ్చు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. పెట్రోలు బంకు బిల్లులో లీటరు ధర పక్కన కేంద్రం వాటా, రాష్ట్రం వాటా విడిగా అచ్చు వేయాలి. ఏ సెస్సు వేసినా ఎప్పటిదాకానో చట్టంలోనే తేదీ రాయాలి, తేదీ దాటితే దానంతటదే రద్దవ్వాలి. ప్రభుత్వం ఆలస్యం చేసినా, నేను ఆలస్యం చేసినా వడ్డీ ఒకటే ఉండాలి. ఇలా అన్నీ కనబడితే జనం ఊరుకోరు, రాబడి పడిపోతుంది అని ఒక రిటైర్డు అధికారి నాతో వాదించారు. పడిపోనివ్వండి. ఏ ఖర్చు నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో అప్పుడు సభలో అందరి ముందూ తేల్చుకోవాల్సి వస్తుంది.

మొదలు పెట్టడానికి మన కార్పొరేషనే చాలు. 2012లో కౌన్సిలు గడువు తీరాక 2021 దాకా జీవీఎంసీకి ఎన్నికలే జరగలేదు. తొమ్మిదేళ్లు మనం ఎన్నుకోని వాళ్లు పన్ను వసూలు చేశారు, మనం కట్టాం. 2021లో ఇంటి పన్ను అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకి మారింది. కొత్త లెక్కకి చేరేదాకా ఏడాదికి 15 శాతం మించి పెంచబోమని ఊరడించారు. ఏటా 15 చొప్పున పెరిగితే అయిదేళ్లకి రెట్టింపవుతుందని ఊరడించినవాళ్లు చెప్పలేదు. ఏప్రిల్లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేవాడికి 5 శాతం తగ్గింపు ఇస్తారు. ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి మార్చిలో వడ్డీ మాఫీ ప్రకటించిన సందర్భాలూ ఉన్నాయి. ఈసారి కార్పొరేషను ఎన్నికలకి మా వార్డు అభ్యర్థి వస్తే, ఏ పార్టీ అయినా సరే, అడగడానికి మూడు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మా వీధి నుంచి ఏటా ఎంత ఇంటి పన్ను వెళ్తోంది, మా వీధి మీద ఎంత ఖర్చయింది, కాంట్రాక్టర్లకి బాకీ ఎంత. అంకెలు తెచ్చి చెబితే కుర్చీ వేసి కూర్చోబెడతాను.